కాళ్లకు దిగని నెత్తురు

సరోజనతో మాటకు మాట నిలబడ్డవాళ్లు కొత్తవాడలో ఒక్కరూ లేరు. కూరగాయల గంప దించినామె దగ్గర్నుంచి చేనేత సొసైటీ మేనేజరు దాకా ఎవరేమన్నా ఆమె దగ్గర జవాబు తయారుగా ఉండేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని భర్త వెంకటరాజం అప్పుడప్పుడూ గొణిగేవాడు గానీ, అదీ ఆమె ఇంట్లో లేని సమయం చూసుకునే. ఆయన జంపఖానాలు నేసేవాడు. ఆమె నూలు చుట్టేది, వంట చేసేది, మాట్లాడేది. ఈ మూడింట్లో ఏ పనికీ మరో పని అడ్డం వచ్చేది కాదు.

ఆమె చెప్పిన జవాబులన్నిట్లో ఎక్కువ పేరు మోసింది 1974లో బడికి వచ్చిన డాక్టరుకు చెప్పినది. పదేళ్ల పాటు పెళ్లిళ్లలో, పేరంటాల్లో అడిగి మరీ చెప్పించుకున్నారు. ఆమె కూడా విసుక్కోకుండా చెప్పేది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, కమల. అప్పటికి పన్నెండేళ్లు. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి గోడకు తగిలించి నేరుగా మగ్గం గుంటలో కూర్చునేది. జంపఖానా మగ్గం కింద నేలలో మోకాళ్లు దాటే లోతున గుంట ఉంటుంది. నేసేవాళ్లు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న కర్రలను పాదాలతో తొక్కుతుంటారు. కమల చేతులు మంచి బలమైనవి. పోగును పోగు పక్కకు బిగించి కొడితే ఆ చప్పుడు పక్కింటికి వినిపించేది. కాళ్లు మాత్రం సన్నగా ఉండేవి. ఎండాకాలంలో కూడా చల్లగా తగిలేవి. కొంచెం దూరం పరుగెత్తితే పిక్కలు గుంజుతున్నాయని రోడ్డు పక్కనే చతికిలబడేది. నెలకోసారైనా ముక్కులోంచి నెత్తురు కారేది.

ముక్కు నెత్తురుకు వేడి చేసిందని సరోజన మాడు మీద నీళ్లు చల్లి, సబ్జా గింజల నీళ్లు తాపేది. తలనొప్పికి శొంఠి అరగదీసి పట్టు వేసేది. కాళ్ల సంగతి ఎవరూ పట్టించుకునేదే లేదు. గుంటలో ఎప్పుడూ చెమ్మ ఉంటుంది, అందులో కాళ్లు పెట్టుకున్నవాళ్ల కాళ్లు చల్లబడతాయి, పిక్కలు లాగుతాయి. సాలెవాడలో పుట్టినవాళ్లకు అది ఒకరు చెప్పాల్సిన పని లేదు. వెంకటరాజం కాళ్లూ చల్లనే, ఆయన తండ్రి కాళ్లూ చల్లనే.

ఆ ఏడాది బడిలో పిల్లలందరికీ డాక్టరు పరీక్ష పెట్టారు. ఆడపిల్లల తల్లులను కూడా రమ్మన్నారు. వచ్చినవాడు చదువు ముగిసి ఏడాదైనా అయిందో లేదో తెలియని కుర్రాడు. ఒక్కో పిల్లకు ఒక్కో నిమిషం పెట్టాడు. కమల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ముంజేతి నాడి చూశాడు, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు, వీపు మీద పెట్టి కళ్లు మూసుకుని మళ్లీ విన్నాడు. పాదాలు పట్టి చూసి, సరోజన వైపు తిరిగాడు.

"ఈ అమ్మాయి కాళ్లు ఇంత చల్లగా ఎందుకున్నాయమ్మా?"

"ఒక్కపూట మా మగ్గం గుంటల కాళ్లు పెట్టుకోని కూసో సారూ, నీ కాళ్లు గూడ గిట్లనే అయితయ్. ఇండ్ల రోగమేమున్నది."

వరండాలో కూర్చున్న తల్లులు విరగబడి నవ్వారు. డాక్టరు కూడా సిగ్గుపడుతూ నవ్వాడు. సరోజన అందరికీ చెప్పే కథ ఇక్కడితో అయిపోయేది.

ఆ తర్వాత జరిగింది ఆమె ఎవరికీ చెప్పలేదు. డాక్టరు నవ్వాడు గానీ వదల్లేదు. లోపల గదిలో తెర కట్టిన చోట బల్ల ఉంటే కమలను అక్కడ పడుకోమన్నాడు. కమల పడుకుంది. తెర వెనక వాళ్లు ముగ్గురే. అతను లంగా అంచు కొంచెం పైకి జరిపి, గజ్జలో నాడి చూడడానికి చెయ్యి పెట్టబోయాడు. ఎందుకు చూస్తున్నాడో ముందుగా ఒక మాట చెబితే బాగుండేది. ఆ లౌక్యం అతనికి ఇంకా రాలేదు. సరోజన ఆ చేతిని పట్టి పక్కకు తోసేసింది. బిడ్డ లంగాను పాదాల దాకా గుంజింది.

"ముంజేతికి దొరికిన నాడి చాలదా సారూ. ఈడుకొచ్చే పిల్ల ఇది."

అతని మొహం మాడిపోయింది. "సరే అమ్మా. ఎవరైనా లేడీ డాక్టరుకైనా చూపించండి. మరిచిపోకండి," అన్నాడు. సరోజన తల ఊపింది. బడి గేటు దాటేలోపే ఆ మాట గాలికి పోయింది.

కమలకు ఇరవయ్యో ఏట తొర్రూరు సంబంధం కుదిరింది. పిల్లవాడు లింగమూర్తి అక్కడ బట్టల దుకాణంలో పని చేసేవాడు, నెమ్మదస్తుడు. కమల నేసిన జంపఖానా చూసి, ఇంత చేతి పనిగల పిల్ల మళ్లీ దొరకదని అతని తల్లి పోశవ్వే పట్టుబట్టి చేసుకుంది. పెళ్లిలో సరోజన డాక్టరు కథ చెబితే అందరికంటే ఎక్కువ నవ్వింది కూడా పోశవ్వే.

1984 ఎండాకాలానికి కమల కడుపుతో ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా, ఆరో నెల దాటగానే కొత్తవాడకు వచ్చింది. వచ్చిన నాలుగో రోజు తల పగిలిపోతోందని గోడకు నుదురు ఆనించి నిలబడింది. ముక్కులోంచి కారిన నెత్తురుకు చీర కొంగు తడిసిపోయింది. ఈసారి సబ్జా నీళ్లతో ఊరుకోలేక సరోజన ఆమెను రిక్షాలో కూర్చోబెట్టుకుని హన్మకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మకు యాభై ఏళ్లుంటాయి. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. నూటతొంభై. నమ్మకం కుదరక రెండో చేతికి చూసింది. తర్వాత కమలను పడుకోబెట్టి, కుచ్చిళ్లు వదులు చేసి, గజ్జల్లో రెండు వైపులా వేళ్లు ఆనించి చాలాసేపు ఉండిపోయింది. అదే పట్టీని తొడకు చుట్టి మళ్లీ చూసింది. తొంభై కూడా లేదు. ఆ చెయ్యి ఎక్కడికి పోయిందో చూసినప్పుడే సరోజనకు బడిలో తెర వెనక బల్ల గుర్తొచ్చింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఓపిగ్గా చెప్పింది. గుండెలోంచి నెత్తురును మోసుకుపోయే పెద్ద గొట్టం ఒకటి పైకి లేచి, మెడ కింద వంగి, వెన్ను పక్క నుంచి కిందికి దిగుతుంది. తలకూ చేతులకూ పోయే పాయలు ఆ వంపులోనే విడిపోతాయి. కమలకు ఆ వంపు దాటిన చోట గొట్టం సన్నబడి ఉంది. ఇది పుట్టుకతో వచ్చింది. నెత్తురు అక్కడ దారి చాలక పైనే ఎగదన్నుతోంది, అందుకే తలనొప్పి, ముక్కు నెత్తురు. కిందికి సరిపడా దిగదు, అందుకే కాళ్లు చల్లన, పిక్కలు గుంజడం.

సరోజనకు రెండోసారి చెప్పించుకోవాల్సిన అవసరం పడలేదు. రంగులో ముంచే ముందు చిలపకు, అంటే నూలు పోగుల కట్టకు, అక్కడక్కడ పేలిక బిగించి కడతారు. కట్టిన చోట రంగు లోపలికి పోదు. ఎన్ని వేల చిలపలకు అట్లా కట్టు వేసిందో ఆమె చేతులకే తెలుసు. తన బిడ్డ లోపల పుట్టినప్పటి నుంచి అట్లాంటి కట్టు ఒకటి ఉందన్నమాట. గుంటకూ చెమ్మకూ దీనితో ఏ సంబంధమూ లేదు.

"గిది ముందుగాల తెలిసే ఉపాయం లేకుండెనా డాక్టరమ్మా?" అంది.

"ఎందుకుండదు? గజ్జల్లో నాడి చూస్తే నిమిషంలో అనుమానం వస్తుంది. చేతికి గట్టిగా కొట్టుకునే నాడి అక్కడ అందదు. పదేళ్లకో పన్నెండేళ్లకో పట్టుకుని ఉంటే ఆపరేషన్ చేసేవాళ్లు. ఆ సన్నటి ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుడతారు. చాలామంది మామూలుగా బతుకుతారు. చిన్నప్పుడు ఏ డాక్టరూ చూడలేదా ఈమెను?"

"లేదమ్మా," అంది సరోజన.

పక్కనే కూర్చున్న కమల, తల్లి మొహం వంక చూసింది.

ఇప్పుడు ఆపరేషన్ చేయడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. కడుపులో బిడ్డ పెరిగే కొద్దీ గొట్టం గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. అది చీలితే ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు. మాత్రలు వేసుకోవాలి, పూర్తిగా పడక మీద ఉండాలి, ఎనిమిదో నెలలో హైదరాబాదు పెద్ద దవాఖానలో చేరాలి. కాన్పు క్షేమంగా గడిచి ఆమె కోలుకుంటే ఆపరేషన్ సంగతి చూస్తారు. చీటీ రాసిచ్చి, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. డాక్టర్లు గుమ్మం దాకా వస్తే దాని అర్థమేమిటో సరోజనకు తెలుసు.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది తనే. ఈ మాట ఎవరైనా తన మొహం మీద అంటే బాగుండునని ఆమెకు అనిపించేది. అనేవాళ్లు లేరు. వాడ వాళ్లంతా వచ్చి అయ్యో పాపం అన్నారు, దేవుని రాత అన్నారు. ఒకామె మాట తేలిక చేద్దామని, డాక్టరుకు చెప్పిన కథ ఒకసారి చెప్పు సరోజనా అంది. సరోజన లేచి వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమె గొంతు వినిపించడం తగ్గిపోయింది. ఎన్నో ఏళ్లు ఆ నోటికి జడిసిన వెంకటరాజం, ఇప్పుడు ఏదో ఒకటి మాట్లాడవే అని బతిమాలేవాడు. ఆయన మాత్రం ఏం చేయగలడు? పుట్టుకతో వచ్చిందని ఎంత చెప్పినా మనసు ఒప్పక, మగ్గం ఆపేసి గుంట మీద చెక్కలు పరిచాడు.

ఒక మధ్యాహ్నం కమల నులక మంచం మీద పడుకుని ఉంది. సరోజన ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని అరచేతులతో రుద్దుతోంది. ఎంత రుద్దినా వెచ్చబడవని ఇప్పుడు ఇద్దరికీ తెలుసు.

"బిడ్డా, ఆనాడు బడిల డాక్టరు," అని మొదలుపెట్టింది సరోజన. "తెర ఎనకాల. నేనే గద ఆయన చెయ్యి నూకేసింది."

కమల కళ్లు తెరిచింది. "నువ్వెక్కడ నూకినవే. నేనే గద లేచి ఉరికిన."

"నువ్వు ఉరుకలేదు బిడ్డా. చెప్పినట్టు పండుకున్నవ్."

"నీకు యాది లేదమ్మా. నాకు సిగ్గయింది, బల్ల దిగి ఉరికిన. నువ్వు నా ఎంబడి వచ్చి ఈపుల ఒక్కటి సరిసినవ్ గూడ. మల్ల పోయి చూపిచ్చుకొమ్మన్నవ్. నేనే మొండికేసిన."

అంత నింపాదిగా, అంత వివరంగా చెప్పేసరికి సరోజనకు నిజంగా అట్లాగే జరిగిందేమో అనిపించింది. దాచేందుకేముంది, రెండు మూడు రోజులు ఆమె ఆ మాటను నమ్మాలనే చూసింది. బిడ్డ బల్ల దిగి ఉరికినట్టు, తను వెంటపడి కొట్టినట్టు కళ్లు మూసుకుని ఊహించుకుంది. ఎన్నిసార్లు ఊహించుకున్నా చివరకు బల్ల మీద కదలకుండా పడుకున్న పన్నెండేళ్ల పిల్లే కనిపించేది. ఏం చేయమంటావన్నట్టు తల్లి వైపు చూస్తున్న కళ్లే కనిపించేవి.

ఎనిమిదో నెలలో లింగమూర్తి వచ్చి ఇద్దరినీ రైల్లో హైదరాబాదు తీసుకుపోయాడు. దవాఖానలో మంచిగానే చూశారు. చేరిన ఇరవై రెండో రోజున ఆడపిల్ల పుట్టింది. కమల నీరసంగా ఉన్నా బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని, దాని కాలి వేళ్లు ఒక్కొక్కటీ తాకి చూసింది. "అమ్మా, ఎచ్చగున్నయే," అంది. సరోజన ఏడ్చేసింది. పిల్లల డాక్టరు పసిదాని గజ్జల్లో నాడి చూసి, ప్రస్తుతానికి బాగానే ఉంది, మూడో నెలలో మళ్లీ చూపించమని చీటీ రాశాడు.

మూడో రోజు పొద్దున పది గంటల వేళ కమల దిండుకు ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది. ఉన్నట్టుండి బిడ్డను తల్లి చేతికిచ్చి, "ఈపుల ఏందో చీరుకపోయినట్టయింది," అంది. అంతే. డాక్టర్లు పరుగున వచ్చారు, మంచం చుట్టూ మూగారు. పావుగంట తర్వాత ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. సరోజన చేతుల్లో బిడ్డ పాల కోసం నోరు తెరిచి వెతుకుతూనే ఉంది. కన్నకూతురు కళ్ల ముందు పోతుంటే తల్లి ప్రాణం వెంటనే పోదెందుకో, ఆ దేవుడికే తెలియాలి.

కర్మకాండ అంతా తొర్రూరులో జరిగింది. పసిదాన్ని మాత్రం లింగమూర్తి తనంతట తనే తెచ్చి సరోజన ఒళ్లో పెట్టాడు. "మూడేండ్ల దాక నీ దగ్గర్నే ఉంచుమని కమల చెప్పింది అత్తమ్మా. నాతోని ఒట్టు ఏయించుకున్నది," అన్నాడు. ఆ బిడ్డను పట్టుకుని సరోజన కొత్తవాడకు వచ్చింది. పక్కవీధిలో ఆవు పాలు పోయించుకుంది, నీళ్లు కలిపి, కాచి, వడబోసి, దూదివత్తితో తాపింది. రోజుకు పదిసార్లు దాని పాదాలు చెంపకు ఆనించుకునేది. ఈ పిల్లే లేకుంటే తను లేదు.

నెలమాసికం అయిన మర్నాడు లింగమూర్తి, పోశవ్వ బిడ్డను చూడడానికి వచ్చారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు. సరోజన కాళ్లు చాపుకుని పసిదాన్ని వాటి మీద పడుకోబెట్టి నూనె రాస్తోంది. మాటల్లో మాటగా పోశవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సచ్చినోళ్లను అనద్దు గానీ వదినే, మీ బిడ్డ తన సావు తనే తెచ్చుకున్నది. చిన్నప్పుడు డాక్టరు మంచిగ చూస్తనంటె సిగ్గని ఉరికిందట గద. నువ్వు కొట్టినా ఇనలేదట. మా లింగానికి అదే చెప్పుకున్నది. గంత మొండితనం పనికొస్తదా ఆడిపిల్లకు? నా కొడుకు బతుకు ఆగం జేసి పోయింది."

"ఊకోరాదే," అన్నాడు లింగమూర్తి, నేల చూస్తూ.

పొరుగువాళ్లు తలలూపారు. కమల మొదటి నుంచీ అంతే, పైకి కనబడదు గానీ పట్టుదల ఎక్కువ అని ఒకామె అందుకుంది. చచ్చినవాళ్ల కళ్లు చారెడంటారు. కమలకు ఆ పాటి కూడా దక్కలేదు.

సరోజనకు అంతా తేటతెల్లమైంది. ఆ మధ్యాహ్నం చెప్పిన అబద్ధాన్ని కమల అక్కడితో వదల్లేదు. మొగుడికి కూడా చెప్పి పెట్టింది. తను లేకపోయినా తల్లిని ఎవరూ ఒక్క మాట అనకుండా, పసిదాన్ని తల్లి ఒళ్లోంచి ఎవరూ తీసుకోకుండా కట్టుదిట్టం చేసి పోయింది. సరోజన ఇప్పుడు చేయవలసింది ఏమీ లేదు, నోరు మూసుకుంటే చాలు. పిల్ల ఆమె కాళ్ల మీద నూనెతో మెరుస్తూ, పిడికిళ్లు ఆడిస్తూ ఉంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆమెకు తెలియకపోలేదు.

"అది ఉరుకలేదు వదినే," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. సరోజన నూనె చేతులు పైటకు తుడుచుకుంది.

"పండుకోమంటె పండుకున్నది నా బిడ్డ. డాక్టరు గజ్జల నాడి చూడవోతె నేను ఆయన చెయ్యి నూకేసిన. లంగ కిందికి గుంజిన. ఆడ డాక్టరుకు చూపెట్టుమన్నడు, అదిగూడ చెయ్యలేదు. బయటికొచ్చి మీ అందరికి నవ్వుకుంట కత చెప్పిన. సిగ్గు దానికి కాదు, నాకు."

లింగమూర్తి తల ఎత్తాడు. "మరి నాకెందుకట్ల చెప్పింది?"

"నన్ను నువ్వు అనద్దని, బిడ్డా."

అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. పోశవ్వ లేచింది. తిట్టలేదు. వంగి, సరోజన కాళ్ల మీది నుంచి పసిదాన్ని నూనె ఒంటితోనే ఎత్తుకుంది. "గీ పిల్లనన్న బతుకనియ్యి," అంది. లింగమూర్తి అడ్డం చెప్పలేదు. అతను వేసిన ఒట్టు సంగతి సరోజన కూడా ఎత్తలేదు.

ఆమె లేచి ఉతికిన గుడ్డలు మడతపెట్టి సంచిలో పెట్టింది. పాలకు నీళ్లు ఏ పాళ్లలో కలపాలో పోశవ్వకు చెప్పింది. దవాఖాన చీటీ తెచ్చి అల్లుడి జేబులో తన చేత్తోనే పెట్టింది. "మూడో నెల పడంగనే తోల్కపో బిడ్డా. ఆళ్లు ఏడ చూస్తమంటె ఆడ చూడనియ్యుండ్రి," అంది. బస్సులో గాలి కొడుతుందని పిల్ల తలకు గుడ్డ కట్టింది. కట్టేటప్పుడు ముడి రెండుసార్లు జారిపోయింది.

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడింది. సొసైటీ నుంచి వచ్చిన వెంకటరాజానికి సంగతంతా పొరుగువాళ్లే చెప్పారు. ఆయన లోపలికి వచ్చి ఖాళీ ఉయ్యాల చూసి, గోడకు చేరగిలబడ్డాడు.

"ఊకుంటె అయిపోవు గదనే," అన్నాడు ఏడుస్తూ. "ఎందుకు చెప్పినవ్?"

సరోజన నేల మీది నూనె గిన్నె తీసి గూట్లో పెట్టింది.

"నా బిడ్డ ఉరుకలేదయ్యా," అంది.